డయాలసిస్ వాళ్ళకి రక్తం తగ్గితే ఏది మేలు: ఐరనా, ఇంజెక్షనా, కొత్త టాబ్లెట్టా, రక్తం ఎక్కించడమా?

అమ్మకి డయాలసిస్ మొదలై ఆరేళ్ళు దాటింది, వారానికి మూడు సార్లు, మంగళ గురు శని. ఈ ఆరేళ్ళలో మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా వినపడిన ప్రశ్న "హిమోగ్లోబిన్ ఎంతొచ్చింది?" అనేదే. క్రియాటినిన్ గురించి కూడా ఇంత మాట్లాడుకోలేదు, అది ఎలాగూ ఎక్కువే ఉంటుందని తెలుసు కదా. హిమోగ్లోబిన్ మాత్రం అలా కాదు, 7 ఉన్న నెలలో అమ్మ మంచం దిగి బాత్రూమ్ దాకా వెళ్ళడానికే ఆయాసపడేది, 10 దాటిన నెలలో తనే పప్పు తాలింపు పెట్టేది. ఆ తేడా కళ్ళతో చూసినవాళ్ళకి ఈ నంబర్ మీద ఎంత ఆశ పెరుగుతుందో నాకు బాగా తెలుసు. అందుకే ఇది రాస్తున్నా, ఎందుకంటే ఆ ఆశలోనే మేము రెండు మూడు తప్పులు చేశాం.

నేను డాక్టర్ని కాదు. మందు మార్చేది, డోసు పెంచేది మీ నెఫ్రాలజిస్టే, అంటే కిడ్నీ డాక్టరే. ఆయన దగ్గర కూర్చున్న ఆ ఐదు నిమిషాల్లో ఏం అడగాలో తెలియక బయటికొచ్చేసి తర్వాత బాధపడే నాలాంటి వాళ్ళ కోసం ఇది. ఈ మందుల మీద జరిగిన పెద్ద ట్రయల్స్ (పేషెంట్ల మీద చేసే పరీక్షలు) గురించి ఈ ఆరేళ్ళలో వెతికి చదివాను, డాక్టర్‌ని అడిగి అర్థం చేసుకున్నాను, అవన్నీ కలిపి చెప్తా.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ నాలుగింట్లో ఏది గొప్పది అని అడిగితే జవాబు రాదు, ఏది ముందు ఏది తర్వాత అని అడగాలి. ఐరన్ సరిచూడకుండా ఇంజెక్షన్ పెంచడం అంటే గ్యాస్ లేని స్టవ్‌కి లైటర్ కొడుతూ కూర్చోవడమే.

అసలు రక్తం ఎందుకు తగ్గుతుంది

ఎముక మూలుగలో రక్తం తయారవ్వాలంటే ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్ కావాలి, దాన్నే అందరం ఈపో అంటాం. అది ఎక్కువగా తయారయ్యేది కిడ్నీల్లోనే. కిడ్నీలు పాడైతే ఆ హార్మోన్ తగ్గిపోతుంది. ఇది ఒక కారణం మాత్రమే, చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రెండోది, డయాలసిస్ అయ్యాక ప్రతిసారీ కొంచెం రక్తం డయలైజర్‌లో (రక్తాన్ని శుభ్రం చేసే ఫిల్టర్), ట్యూబింగ్‌లో ఉండిపోతుంది, పైగా నెలనెలా టెస్టులకి తీస్తారు, సూదులు తీసేటప్పుడు కారుతుంది, ఇలా ఏడాదికి ఒకటి రెండు గ్రాముల ఐరన్ దాకా ఒంట్లోంచి పోతుంది. మూడోది, ఒంట్లో ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉంటే లివర్ హెప్సిడిన్ అనేదాన్ని ఎక్కువగా వదులుతుంది, అది ఉన్న ఐరన్‌ని కూడా గోదాంలో పెట్టి తాళం వేసేస్తుంది, బయటికి రానివ్వదు. వీటికి తోడు కిడ్నీ జబ్బులో ఎర్ర కణాలు మామూలుగా బతకాల్సిన 120 రోజులు బతకవు. డయాలసిస్ సరిగ్గా అందకపోయినా, పారాథైరాయిడ్ హార్మోన్ బాగా పెరిగినా, బి12 తగ్గినా నంబర్ లేవదు.

ఇన్ని కారణాలున్నప్పుడు ఒకే మందు అందరికీ ఎలా సరిపోతుంది చెప్పండి.

ఐరన్: అందరూ చిన్నచూపు చూసేది, ముందు చూడాల్సింది

అమ్మ సంగతి చెప్తా. మొదటి ఏడాది వారానికి రెండు ఈపో ఇంజెక్షన్లు, 4000 యూనిట్లవి. హిమోగ్లోబిన్ 8.2 దగ్గర ఆగిపోయింది. రెండు కాస్తా మూడు చేశారు, అయినా 8.2, 8.0, 8.3, ఇదే వరస. నాలుగు నెలలు ఇలాగే గడిచాక వేరే డాక్టర్ దగ్గరికి ఫైల్ పట్టుకెళ్తే ఆయన మొదట అడిగింది ఐరన్ ప్రొఫైల్, అంటే ఒంట్లో ఐరన్ ఎంతుందో చూపే రక్త పరీక్ష, ఎక్కడా అని. లేదు. ఎవరూ రాయలేదు, మేము అడగలేదు, అసలు అడగాలని తెలిస్తే కదా. చేయిస్తే టీసాట్ 14 వచ్చింది, ఫెరిటిన్ 160. డయాలసిస్ అప్పుడే లైన్‌లో, అంటే ఆ ట్యూబ్ ద్వారా నేరుగా రక్తంలోకి, ఐరన్ సుక్రోజ్ 100 మిల్లీగ్రాములు చొప్పున పది సార్లు ఇచ్చారు, ఇంజెక్షన్ డోసు ఒక్క యూనిట్ కూడా పెంచకుండానే తర్వాతి రెండు నెలల్లో 10 దాటింది. ఆ నాలుగు నెలల ఇంజెక్షన్ల డబ్బులు పోయాయని కాదు నా బాధ, ఆ నాలుగు నెలలు అమ్మ ఊరికే ఆయాసపడింది.

ఐరన్‌కి రెండు నంబర్లు చూడాలి. ఫెరిటిన్ అంటే గోదాంలో ఎంత ఉందో, టీసాట్ అంటే రోడ్డు మీద లారీల్లో ఎంత నడుస్తోందో. రిపోర్ట్‌లో టీసాట్ విడిగా రాయకపోతే సీరం ఐరన్‌ని టీఐబీసీతో (రక్తం మొత్తం ఎంత ఐరన్ మోయగలదో చెప్పే నంబర్) భాగించి వందతో హెచ్చించండి, 45 ని 250 తో భాగిస్తే 18 శాతం, అంటే తక్కువ. ఫెరిటిన్ ఒక్కటే చూసి మోసపోవద్దు, జ్వరం వచ్చినా, ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) దగ్గర ఇన్ఫెక్షన్ ఉన్నా అది ఊరికే పైకి లేస్తుంది. ఐరన్ ఎక్కించిన వెంటనే టెస్ట్ చేయించినా తప్పుగా వస్తుంది, కనీసం వారం గ్యాప్ ఇవ్వండి.

ఇక ఎంత ఇవ్వాలి అనేదానికి నాకు బాగా నమ్మకం కలిగించిన ట్రయల్ ఒకటుంది, పివోటల్ అని 2019లో వచ్చింది. బ్రిటన్‌లో 50 సెంటర్లలో, డయాలసిస్ మొదలై ఏడాది కూడా కాని 2141 మందిని రెండు గుంపులు చేశారు. మొదటి గుంపుకి నెలకి 400 మిల్లీగ్రాముల ఐరన్ సుక్రోజ్ ముందు నుంచే ఇచ్చుకుంటూ పోయారు, ఫెరిటిన్ 700 దాటితే లేదా టీసాట్ 40 కి చేరితే ఆ నెల ఆపేవాళ్ళు. రెండో గుంపుకి ఫెరిటిన్ 200 కన్నా కిందికి గానీ టీసాట్ 20 కన్నా కిందికి గానీ పడితేనే ఇచ్చారు. రెండేళ్ళ పైన చూశాక చావు, గుండెపోటు, స్ట్రోక్, హార్ట్ ఫెయిల్యూర్‌తో అడ్మిట్ అవ్వడం, ఇవన్నీ కలిపి లెక్కేస్తే మొదటి గుంపులో 29.3 శాతం, రెండో గుంపులో 32.3 శాతం. ఈపో కూడా మొదటి గుంపుకి తక్కువే పట్టింది, రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్ళు 18.1 శాతం ఇక్కడ, 21.6 శాతం అక్కడ. ఐరన్ ఎక్కువిస్తే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని భయపడేవాళ్ళు కదా, ఇన్ఫెక్షన్లలో రెండు గుంపులకీ తేడా రాలేదు.

అయితే ఏ ట్రయల్ అయినా ఎవరి మీద చేశారో చూడాలి, ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నా. పివోటల్‌లో చేర్చుకున్నవాళ్ళకి మొదట్లో ఫెరిటిన్ 400 లోపు, టీసాట్ 30 లోపు ఉంది. మీ నాన్నగారికి ఫెరిటిన్ ఇప్పటికే 900 ఉంటే ఆ ట్రయల్ మీకు వర్తించదు. అలాంటివాళ్ళ మీద డ్రైవ్ అని అమెరికాలో ఇంకోటి చేశారు, 2007లో వచ్చింది, ఫెరిటిన్ 500 నుంచి 1200 మధ్య ఉండి టీసాట్ మాత్రం 25 దాటని 134 మంది. సగం మందికి ఈపో పెంచి దానికి తోడు ఒక గ్రాము ఐరన్ ఇచ్చారు, మిగతావాళ్ళకి ఈపో పెంచారు గానీ ఐరన్ ఇవ్వలేదు. ఐరన్ ఇచ్చినవాళ్ళకే హిమోగ్లోబిన్ ఎక్కువ పెరిగింది. కాకపోతే అది ఆరు వారాల ముచ్చట, రెండేళ్ళ తర్వాత ఏమైందో దాంట్లో దొరకదు. కాబట్టి ఫెరిటిన్ ఎక్కువున్నా టీసాట్ తక్కువుంటే "ఐరన్ ఇవ్వొచ్చా సార్" అని అడగడంలో తప్పు లేదు, ఇచ్చి తీరాలి అని పట్టుబట్టడం మాత్రం వద్దు.

ఐరన్ టాబ్లెట్లు మింగితే సరిపోదా అని మా పిన్ని అడుగుతూనే ఉంటుంది. హీమోడయాలసిస్ (మెషిన్ మీద చేసేది) వాళ్ళకి చాలావరకు సరిపోదు, ఆ హెప్సిడిన్ తాళం పేగుల దగ్గర కూడా పడుతుంది, పైగా మలబద్ధకం. ఫెర్రిక్ సిట్రేట్ అని ఒకటుంది, భోజనంతో పాటు వేసుకుంటే ఫాస్ఫరస్‌ని పట్టుకుంటుంది, కొంత ఐరన్ కూడా ఒంట్లోకి పోతుంది, ఫాస్ఫరస్ మందు ఎలాగూ కావాల్సినవాళ్ళకి అది అడగదగిన విషయమే. ఒంట్లో చలిజ్వరం, ఏదైనా గట్టి ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం ఐరన్ లైన్‌లో ఎక్కించరు, అది తగ్గేదాకా ఆగాలి. ఎక్కించేటప్పుడు ఒళ్ళు వెచ్చబడినా, దురదొచ్చినా, ఛాతీ పట్టేసినట్టున్నా వెంటనే సిస్టర్‌కి చెప్పమని పేషెంట్‌కి ముందే చెప్పి పెట్టండి, అమ్మలాంటివాళ్ళు ఎవర్నీ ఇబ్బంది పెట్టకూడదని నోరెత్తకుండా పడుకుంటారు.

ఈపో ఇంజెక్షన్: ముప్పై ఏళ్ళ పైబడిన నేస్తం, కానీ హద్దులో

ఈ మందు కథ తెలిస్తే దానికి దండం పెట్టాలనిపిస్తుంది. 1977లో షికాగో యూనివర్సిటీలో యూజీన్ గోల్డ్‌వాసర్ అనే శాస్త్రవేత్త ఈ హార్మోన్‌ని మొదటిసారి శుద్ధంగా విడదీశారు, దానికోసం జపాన్‌లో ఒక రకం రక్తహీనత ఉన్నవాళ్ళ దగ్గర 2550 లీటర్ల మూత్రం సేకరించాల్సి వచ్చింది. 1987లో సియాటిల్‌లో జోసెఫ్ ఎష్‌బాక్ అనే డాక్టర్ వాళ్ళు ఆ హార్మోన్‌ని మందుగా 25 మంది డయాలసిస్ పేషెంట్లకి ఇచ్చి చూసిన ఫలితాలు అచ్చయ్యాయి, 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు డయాలసిస్ అంటే రక్తం ఎక్కించుకుంటూ బతకడమే చాలామందికి.

ఇప్పుడు మన దగ్గర దొరికేవి మూడు రకాలు. ఎపోయెటిన్, వారానికి ఒకటి నుంచి మూడు సార్లు. డార్బెపోయెటిన్, వారానికో రెండు వారాలకో ఒకసారి. ఇంకోటి మిర్సెరా పేరుతో వచ్చేది, మొదట రెండు వారాలకి, కుదురుకున్నాక నెలకి ఒకసారి. మూడూ చేసే పని ఒకటే, ఒంట్లో ఎంతసేపు నిలుస్తాయి అన్నదే తేడా. లైన్‌లో ఇస్తే ఎపోయెటిన్ కొన్ని గంటల్లోనే సగమవుతుంది, డార్బెపోయెటిన్‌కి దాదాపు ఒక రోజు పడుతుంది, మిర్సెరాకి ఐదు రోజుల పైనే. కాబట్టి ఏది బలమైనది అని అడిగే పని లేదు, ఎవరికి ఏది వీలు అన్నదే చూసుకోవాలి. వారానికి మూడు సార్లు సెంటర్‌కి ఎలాగూ వెళ్ళేవాళ్ళకి ఎపోయెటిన్ చాలు, ధర కూడా సాధారణంగా తక్కువ. ఇంట్లో పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్ళకి, ఇంజెక్షన్ వేసేవాళ్ళు దగ్గర లేనివాళ్ళకి నెలకొకటి హాయి. ధర పోల్చేటప్పుడు ఒక సిరంజి రేటు చూడకండి, నెలకి ఎన్ని పడుతున్నాయో గుణించి చూడండి. మన దేశంలో తయారైనవి వాడితే ఏమైనా తేడానా అని అడిగారు కొందరు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు 2010లోనే డార్బెపోయెటిన్ తెచ్చారు, శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళ ఎరిత్రోపోయెటిన్ కూడా ఇక్కడే వచ్చింది, మన సెంటర్లు నడిచేదే ఇలాంటి మందులతో. నేను చెప్పేది ఒకటే, నెలకో బ్రాండ్ మార్చకండి, మారిస్తే ఫైల్‌లో తేదీ వేసి రాసుకోండి, తర్వాత నంబర్ కిందికో పైకో పోతే ఎందుకో తెలియాలి.

చర్మం కిందా, లైన్‌లోనా? ఎపోయెటిన్ విషయంలో దీనికి సూటి జవాబే ఉంది. 1998లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 208 మంది హీమోడయాలసిస్ పేషెంట్ల మీద చూస్తే, చర్మం కింద ఇచ్చినవాళ్ళకి అదే హిమోగ్లోబిన్ నిలబెట్టడానికి 32 శాతం తక్కువ మందు సరిపోయింది. సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. సూది నొప్పి ఒకటుంది అనుకోండి. ఇంకో సంగతి, 1998 తర్వాత కొన్నేళ్ళపాటు యూరప్‌లో, ఇంకా కొన్ని దేశాల్లో ఒక బ్రాండ్ ఎపోయెటిన్‌ని చర్మం కింద తీసుకున్న కొద్దిమందికి ఒళ్ళు తన ఈపోనే శత్రువు అనుకుని యాంటీబాడీలు తయారుచేసుకుంది, రక్తం తయారవ్వడమే ఆగిపోయింది. చాలా అరుదు, కానీ బాగున్న నంబర్ ఉన్నట్టుండి వారం వారం పడిపోతుంటే డాక్టర్‌కి ఇది గుర్తు చేయడం మంచిది.

మందుల షాపు నుంచి సెంటర్‌కి తీసుకెళ్ళే దారి గురించి ఎవరూ చెప్పరు. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టకూడదు, కుదపకూడదు. మే నెలలో విజయనగరం నుంచి వైజాగ్ బస్సులో హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకెళ్ళిన ఇంజెక్షన్ పని చేయలేదంటే ఇంజెక్షన్‌ని తిట్టి లాభం లేదు. మేము చిన్న ఫ్లాస్క్‌లో ఐస్ ప్యాక్ వేసి, ఇంజెక్షన్ ఐస్‌కి తగలకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్తాం.

ఇప్పుడు అసలు విషయం, దీనికోసమే ఇంత రాశాను. ఒకసారి అమ్మకి 13.1 వచ్చింది. ఇంట్లో పండగే, తమ్ముడు స్వీట్లు కూడా తెచ్చాడు. ఆ వారమే తలనొప్పి మొదలైంది, బీపీ 180 దాటింది, డాక్టర్ రిపోర్ట్ చూడగానే ఇంజెక్షన్ ఆపించేశారు. మాకు అర్థం కాలేదు, ఇన్నాళ్ళూ పెరగలేదని ఏడ్చాం, పెరిగితే ఆపేస్తారేంటి అని. అప్పుడు ఆయన చెప్పిన ట్రయల్ నేను తర్వాత చదివాను. 1998లో వచ్చింది, గుండె జబ్బు కూడా ఉన్న 1233 మంది డయాలసిస్ పేషెంట్లని తీసుకుని, సగం మందికి హిమటోక్రిట్‌ని (రక్తంలో ఎర్ర కణాల శాతం) 42 కి, అంటే హిమోగ్లోబిన్ దాదాపు 14 కి, ఎక్కించాలని చూశారు, మిగతా సగం మందిని 30 దగ్గర, అంటే దాదాపు 10 దగ్గర ఉంచారు. మామూలు మనుషుల్లా రక్తం నింపేస్తే గుండె బాగుపడుతుంది అని అందరూ అనుకున్నారు. జరిగింది తలకిందులు. ఎక్కువ నింపిన గుంపులో 183 మంది పోయారు, తక్కువ గుంపులో 150 మంది, మధ్యలోనే ట్రయల్ ఆపేయాల్సి వచ్చింది. ఫిస్టులా, గ్రాఫ్ట్ (ఫిస్టులా బదులు పెట్టే కృత్రిమ గొట్టం) మూసుకుపోవడం కూడా ఎక్కువ గుంపులో 39 శాతం, రెండో దాంట్లో 29 శాతం. ఫిస్టులా అంటే మన ఇళ్ళల్లో ప్రాణంతో సమానం, అది పోతే మళ్ళీ మెడకి కాథెటర్ గొట్టం, మళ్ళీ ఆపరేషన్.

తర్వాత డయాలసిస్ దాకా రాని కిడ్నీ పేషెంట్ల మీద ఇంకా చేశారు. 2006లో వచ్చిన కాయిర్‌లో 1432 మంది, 13.5 దగ్గర ఉంచుదామనుకున్న గుంపుకి 11.3 గుంపు కంటే నష్టం ఎక్కువ. 2009లో ట్రీట్, 4038 మంది షుగర్ పేషెంట్లు, డార్బెపోయెటిన్‌తో 13 కి తెద్దామనుకున్న గుంపులో 101 మందికి స్ట్రోక్, ఉత్తుత్తి మందు గుంపులో 53 మందికి. వీటన్నిటి తర్వాత 2011లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ, రక్తం ఎక్కించే అవసరం రాకుండా ఉండడానికి సరిపోయేంత తక్కువ డోసే వాడమంది, డయాలసిస్ వాళ్ళకి 11 దగ్గరికి వస్తే తగ్గించమనో ఆపమనో లేబుల్ మీద రాయించింది. కిడ్నీ జబ్బుల మీద అంతర్జాతీయంగా గైడ్‌లైన్లు రాసే కేడిగో వాళ్ళ 2012 గైడ్‌లైన్ 11.5 కన్నా పైన నిలబెట్టొద్దంటుంది, 13 దాటించే ప్రయత్నం చేయొద్దని గట్టిగా చెప్తుంది.

అందుకని ల్యాబ్ రిపోర్ట్‌లో పక్కన రాసే 12 నుంచి 15 అనే నార్మల్ రేంజ్‌ని దయచేసి మర్చిపోండి. అది కిడ్నీలు బాగున్నవాళ్ళది. మనకి 10 నుంచి 11.5 మధ్య ఉంటే పాసయినట్టే. రెండు వారాల్లో 1 కంటే ఎక్కువ పెరిగితే అది కూడా సంతోషించే విషయం కాదు, డాక్టర్‌కి చెప్పాలి. ఇంజెక్షన్ ముందు బీపీ చూడందే వేయనివ్వకండి. ఇంతకుముందు స్ట్రోక్ వచ్చినా, క్యాన్సర్ ఉన్నా, ఎప్పుడో ఉండి తగ్గినా ముందే చెప్పండి, ఫైల్‌లో ఉంటుందిలే అనుకోవద్దు. డోసు పెంచుతూనే ఉన్నా కదలకపోతే పెంచడం ఆపి కారణం వెతకమనండి: ఐరన్, ఇన్ఫెక్షన్, కాథెటర్, పారాథైరాయిడ్, బి12, డయాలసిస్ సరిపోకపోవడం, కడుపులో రక్తస్రావం.

కొత్త టాబ్లెట్లు

ఎత్తయిన కొండల మీద ఉండేవాళ్ళకి గాలిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఒళ్ళే రక్తం ఎక్కువ తయారు చేసుకుంటుంది. ఆ తక్కువైందన్న సంగతిని కణాలు ఎలా పసిగడతాయో కనిపెట్టిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఈ టాబ్లెట్లు దాని మీదే పని చేస్తాయి, ఆక్సిజన్ తగ్గిందని ఒంటికి అనిపించేలా చేసి సొంత ఈపోని తయారు చేయిస్తాయి, ఐరన్ వాడకాన్ని కూడా కొంత సులువు చేస్తాయి. రోక్సాడుస్టాట్‌కి చైనాలో 2018లోనే అనుమతి వచ్చింది, అమెరికాలో 2021లో తిరస్కరించారు. అమెరికాలో డాప్రోడుస్టాట్‌కి 2023లో, వాడాడుస్టాట్‌కి 2024లో అనుమతి ఇచ్చారు, రెండూ డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకే, అదీ కొన్ని నెలలు డయాలసిస్ అయ్యాకే, రక్తం గడ్డలు, గుండెపోటు, స్ట్రోక్ గురించి పెద్ద హెచ్చరికతో. మన దేశంలో అహ్మదాబాద్ జైడస్ వాళ్ళు తయారు చేసిన డెసిడుస్టాట్ ఉంది, ఆక్సీమియా పేరుతో, 2022 మార్చిలో అనుమతి వచ్చింది, వారానికి మూడు సార్లు వేసుకునేది.

ఇవి ఇంజెక్షన్ కంటే మంచివా? ట్రయల్స్‌లో అడిగిన ప్రశ్నే అది కాదు, "ఇంజెక్షన్‌కి తీసిపోకుండా ఉందా" అని అడిగారు. ఈ తేడా పట్టుకోకపోతే షాపువాడు చెప్పేదానికి పడిపోతాం. డాప్రోడుస్టాట్ మీద 2021లో వచ్చిన అసెండ్-డి లో 2964 మంది డయాలసిస్ పేషెంట్లు, సగటున రెండున్నరేళ్ళు చూశారు, చావు, గుండెపోటు, స్ట్రోక్ కలిపి టాబ్లెట్ గుంపులో 25.2 శాతం, ఇంజెక్షన్ గుంపులో 26.7 శాతం, అంటే తీసిపోలేదు, మించిందీ లేదు. వాడాడుస్టాట్ కూడా డయాలసిస్ వాళ్ళలో గుండె విషయంలో తీసిపోలేదు, కానీ డయాలసిస్ దాకా రానివాళ్ళలో ఆ పరీక్ష పాసవ్వలేదు. చూడండి, ఒకే మందు, జబ్బు దశ మారితే జవాబు మారింది.

మన డెసిడుస్టాట్‌కి డయాలసిస్ వాళ్ళ మీద చేసిన ట్రయల్ డ్రీమ్-డి, 392 మంది, ఎపోయెటిన్‌తో పోల్చారు, 24 వారాలు, హిమోగ్లోబిన్ పెంచడంలో తీసిపోలేదు. మన వాళ్ళు, మన తిండి తినేవాళ్ళ మీద చేశారన్నది నాకు నచ్చింది. కానీ 24 వారాల్లో, 392 మందిలో గుండెపోట్లు స్ట్రోకులు పెరుగుతాయో లేదో తేలదు, దానికి వేలమంది, ఏళ్ళ టైమ్ కావాలి. ఈపోకి కూడా 1989లో అనుమతి వస్తే 14 దాకా నింపడం మంచిది కాదని తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది కదా. అందుకే అమ్మకి ఇంజెక్షన్ బాగానే పని చేస్తున్నప్పుడు కొత్తది కదా అని మార్చలేదు.

అలాగని టాబ్లెట్ వద్దనీ చెప్పను. అమ్మ పక్క మెషిన్ మీద ఉండే ఒక మాస్టారికి ఎక్కువ డోసు ఇంజెక్షన్‌కి కూడా 8 దాటేది కాదు, ఐరన్ సరిగ్గానే ఉంది, వేరే కారణమేదీ దొరకలేదు, టాబ్లెట్‌కి మార్చాక ఆయనకి కుదురుకుంది. పొట్ట డయాలసిస్ వాళ్ళకి, ఫ్రిజ్ లేని ఇళ్ళకి, సూదంటే వణికేవాళ్ళకి ఇది నిజంగా మేలే. ఒక్క షరతు, రెండూ కలిపి వాడకూడదు, టాబ్లెట్ మొదలుపెట్టిన సంగతి సెంటర్‌లో సిస్టర్‌కి తెలియక ఇంజెక్షన్ కూడా వేసేస్తే ప్రమాదం. క్యాన్సర్, కంటి రెటీనా సమస్య, కాళ్ళలో గడ్డలు, ఈమధ్యే గుండెపోటు, ఇవి ఉన్నవాళ్ళు డాక్టర్‌తో ఇంకా గట్టిగా మాట్లాడాకే. ఫాస్ఫరస్ మందులతో, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే వీటిలో కొన్ని సరిగ్గా పట్టవు, టైమింగ్ రాయించుకోండి.

రక్తం ఎక్కించడం

తొందరగా పని చేసేది ఇదే, అందుకే ఎక్కువ దుర్వినియోగం అయ్యేదీ ఇదే. మొదట్లో అమ్మకి 6.8 ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో రెండు యూనిట్లు ఎక్కించారు, తర్వాత ఆరు నెలల్లో ఇంకో మూడు. ప్రతిసారీ రెండు రోజులు తేటగా కనిపించేది. రెండేళ్ళ తర్వాత తమ్ముడు కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చాడు, బ్లడ్ గ్రూప్ కలిసింది, మేమంతా ఎంత సంబరపడ్డామో. ఇచ్చేవాళ్ళ కణాల్ని పుచ్చుకునేవాళ్ళ రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష దగ్గర ఆగిపోయింది. అమ్మ ఒంట్లో వాడికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయి. కాన్పుల వల్ల కొంత ముందే ఉండి ఉంటాయి, ఎక్కించిన రక్తం వాటిని రెచ్చగొట్టి ఉంటుంది అని చెప్పారు. మొదటి రెండు యూనిట్లు తప్పనిసరే, ఒప్పుకుంటా. తర్వాతి మూడు, ఐరన్ చూసి ఉంటే అవసరమయ్యేవి కావేమో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

కాబట్టి ట్రాన్స్‌ప్లాంట్ ఆశ ఉన్న ఇంట్లో, ముఖ్యంగా పిల్లల్ని కన్న ఆడవాళ్ళకి, రక్తం అన్నిటికంటే ఆఖరిది. "మేము ట్రాన్స్‌ప్లాంట్ అనుకుంటున్నాం" అని గట్టిగా చెప్పండి. రక్తం కారిపోతున్నప్పుడు, గుండె నొప్పి వస్తున్నప్పుడు, కూర్చుంటేనే ఆయాసం వస్తున్నప్పుడు మాత్రం ఆలోచించకుండా ఎక్కించుకోవాలి, అక్కడ యాంటీబాడీల గురించి వాదించే టైమ్ ఉండదు. ఎక్కించేది కూడా వీలైతే డయాలసిస్ నడుస్తున్నప్పుడే, ఆ నీరు, పొటాషియం అప్పటికప్పుడే తీసేయొచ్చు.

మరి మీ ఇంట్లో ఏది?

నన్ను ఎవరైనా అడిగితే ఇలా చెప్తా. టీసాట్ 20 లోపు ఉంటే వేరే ఏదీ మాట్లాడకముందే ఐరన్. ఐరన్ బాగుండి హిమోగ్లోబిన్ 10 లోపుకి జారుతుంటే ఇంజెక్షన్, చేతికందే ధరలో దొరికే రకం, తక్కువ డోసుతో మొదలు. సెంటర్‌కి దూరం, పొట్ట డయాలసిస్, ఫ్రిజ్ ఇబ్బంది ఉంటే నెలకొకటి వేసే ఇంజెక్షన్‌నీ టాబ్లెట్‌నీ పక్కపక్కన పెట్టి డాక్టర్‌ని అడగండి. డోసు మీద డోసు పెంచినా కదలనివాళ్ళు ముందు కారణం వెతికించుకుని, ఏదీ దొరక్కపోతే అప్పుడు టాబ్లెట్ గురించి అడగండి. పలాస, సోంపేట, కవిటి వైపు నుంచి గంటలు గంటలు ప్రయాణం చేసి వచ్చేవాళ్ళని వైజాగ్‌లో చాలాసార్లు చూశాను, ఉద్దానం కిడ్నీ బాధ ఏంటో మన రాష్ట్రంలో తెలియనివాళ్ళు లేరు, వాళ్ళకైతే ఒక్క సూది తగ్గినా ఒక్క బస్సు టికెట్ మిగిలినా అదే పెద్ద విషయం. డబ్బుల సంగతికొస్తే, ప్రభుత్వ పథకం కింద డయాలసిస్ చేయించుకుంటుంటే ఆ ప్యాకేజీలో ఇంజెక్షన్, ఐరన్ ఉన్నాయా లేవా అని ఆసుపత్రిలో ఆ పథకం చూసుకునే ఆరోగ్యమిత్రని నేరుగా అడగండి, ఉన్నవాటిని కూడా బయట కొనుక్కున్నవాళ్ళు ఉన్నారు.

టెస్ట్ మాత్రం ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో, డయాలసిస్ ఎక్కే ముందే ఇవ్వండి, అయ్యాక తీస్తే నీరు తీసేసి ఉంటారు కాబట్టి నంబర్ ఎక్కువ కనిపిస్తుంది. రెండు రోజుల గ్యాప్ తర్వాత వచ్చే సెషన్ కాకుండా వారం మధ్యది అయితే ఇంకా నయం. హిమోగ్లోబిన్ నెలకోసారి, ఐరన్ ప్రొఫైల్ మూడు నెలలకోసారి.

అమ్మ ఫైల్ వెనక అట్ట మీద నేను గడులు గీశాను, తేదీ, హిమోగ్లోబిన్, టీసాట్, ఫెరిటిన్, ఇంజెక్షన్ డోసు, బీపీ. ఇప్పుడు డార్బెపోయెటిన్ 40 మైక్రోగ్రాములు రెండు వారాలకోసారి, నెలకి 200 మిల్లీగ్రాముల ఐరన్. పోయిన నెల 10.6. తమ్ముడు ఫోన్ చేసి ఎంత అన్నాడు, 10.6 అన్నాను, "హమ్మయ్య, అక్కడే ఉండనీ" అన్నాడు.